బుద్ధవన యాత్రా సన్నాహము

నల్లగొండ నుండి మిర్యాలగూడకు పోవు రాజమార్గముపై మాడుగులపల్లి యను గ్రామము కలదు. నార్కట్‌పల్లిని అద్దంకితో కలుపు పెద్ద దారి యిదియే. రేయింబవళ్లు లారీలును బస్సులును ఈ దారిని పోవుచునే యుండును. 2016వ సంవత్సరమున జిల్లాలను మండలములను పునర్విభజించినపుడు ఈ గ్రామము మండల కేంద్రమాయెను.

ఈ గ్రామమందలి పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఒక దినపు యాత్ర చేయ సంకల్పించిరని యనుకొందము. తరగతిలో 48 మంది కలరనియు, ప్రధానోపాధ్యాయులు సమ్మతించిరనియు కూడ అనుకొందము. ఇక మిగిలినది పోవుటయే గదా యని మీరు తలంపవచ్చును. కాని యాత్రలో పోవుట ఒక దినపు పని. పోవుటకు సిద్ధపడుట ఒక నెల పని. ఆ నెలలో జరుగవలసిన దానిని గూర్చియే ఈ పాఠము.

మొదటి ప్రశ్న, ఎచటికి పోవలెనని. తరగతిలో ఈ ప్రశ్న వేసినచో నలువైపుల నుండి నాలుగు పేర్లు వినబడును. ఒకడు రామోజీ ఫిలిం సిటీ యనును. మరియొకడు 2016లో హైదరాబాదు శివారున తెరచిన వండర్‌లా యనును. అచటి నీటి జారుబండలను గూర్చి తన పినతండ్రి కుమారుడు చెప్పిన సంగతులన్నియు ఏకరువు పెట్టును. ఒక బాలిక మెల్లగా లేచి, "సార్, సాగర్ పోదాము. అక్కడ బుద్ధవనము ఉన్నదట" అనును. వెంటనే వెనుక బల్ల నుండి, "సాగర్ ఎన్నిసార్లు చూడలేదు?" అని ఆక్షేపణ వచ్చును.

ఈ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. మిర్యాలగూడ ప్రాంతపు పిల్లలలో నాగార్జునసాగరమును చూడనివారు అరుదు. పెండ్లివారితోనో, బంధువులతోనో పోయి, గేట్లు ఎత్తినపుడు నురుగులు గ్రక్కుచు దుముకు నీటిని చూచి, వేయించిన చేపలు తిని మరలివచ్చినవారే పెక్కుమంది. కాని చూచుట వేరు, తెలిసికొనుట వేరు. ఆ ఆక్షేపించిన బాలునే, "ఆ ఆనకట్టకు గేట్లెన్ని?" యని యడిగినచో బహుశః తల గోకికొనును. (ఇరువదియారు.) ఉపాధ్యాయుడు ఆతనిని నవ్వులపాలు చేయక, మూడు ప్రశ్నలు నల్లబల్లపై వ్రాసెననుకొందము: ఒక్క పగటిలో పోయి రాగలమా? అందరును పోగలరా? అచట చూచినది తరగతికి తిరిగి వచ్చిన తరువాత కూడ మనకు పనికి వచ్చునా? మొదటి రెండు ప్రశ్నలకే హైదరాబాదు ఉద్యానములు వెనుకబడును. అచటి ప్రవేశ రుసుము, దూరము రెండును ఎక్కువ. మూడవ ప్రశ్నకు మాత్రము వాదము జరుగవలెను. జారుబండలో భౌతికశాస్త్రము లేదా యని యెవరైన అడిగినచో, ఉన్నదని ఒప్పుకొనవలసినదే. అయినను చేతులెత్తి లెక్కించినపుడు బుద్ధవనమే గెలిచెననుకొందము.

బుద్ధవనము నాగార్జునసాగరమునకు చేరువగా, కృష్ణకు ఎడమ గట్టున నున్న బౌద్ధ వారసత్వ ఉద్యానము. దీని వైశాల్యము 274 ఎకరములు. 2022వ సంవత్సరము మే 14వ తేదీన దీనిని ప్రజల సందర్శనమునకై ప్రారంభించిరి. వినోదోద్యానములలో యంత్రములు మనలను త్రిప్పును. ఇచట మనమే తిరుగవలెను. బుద్ధుని జీవిత ఘట్టములను చూపు వనమొకటి, జాతక కథలను శిల్పములుగా చెక్కి నిలిపిన వనమొకటి, ధ్యానమునకొకటి, భారతదేశమందును ఇతర ఆసియా దేశములందును గల ప్రసిద్ధ స్తూపములకు చిన్న నమూనాలను నిలిపిన స్తూపవనమొకటి ఇందు కలవు. శ్రీలంకలోని అవుకన బుద్ధ విగ్రహమునకు ప్రతిరూపముగా 27 అడుగుల విగ్రహమొకటి ఆ దేశమువారి కానుకగా ఇచట నిలిచియున్నది. వీని యన్నింటికిని మకుటముగా అమరావతి చైత్యము నమూనాపై కట్టిన మహాస్తూపము కలదు. దాని యెత్తు 21 మీటర్లు, వ్యాసము 42 మీటర్లు.

అమరావతి నమూనా యనగానే ఒక సంగతి తలంపునకు రాక మానదు. అసలు అమరావతి స్తూపము నేడు లేదు. 1797లో కర్నల్ మెకంజీ దానిని చూచునాటికే జనులు దాని రాళ్లను పెల్లగించుచుండిరి. మిగిలిన శిల్పములలో కొన్ని చెన్నపట్టణపు మ్యూజియమునకును, కొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియమునకును పోయినవి. మన పూర్వులు కట్టిన కట్టడపు ఆకారమును మనము తెలిసికొనుటకు ఆ స్తూపముపై పూర్వశిల్పులు చెక్కిన స్తూప చిత్రములే ఆధారములైనవి. శిల్పి తాను కట్టుచున్న దాని బొమ్మను దానిపైననే చెక్కుట ఎంత మేలైనదో చూచితిరా!

ఇక స్థలము నిశ్చయమైనది. మాడుగులపల్లి నుండి మిర్యాలగూడకు పోయి, అచట నుండి నిడమనూరు, హాలియా, పెద్దవూరల మీదుగా సాగరము చేరవచ్చును. ఈ దారిలోనే పాఠము మొదలగును. మిర్యాలగూడ చేరకముందే వేములపల్లి యొద్ద బస్సు ఒక పెద్ద కాలువను దాటును. అది సాగరపు ఎడమ కాలువ. దానికి లాల్ బహదూర్ కాలువ యని పేరు. పిల్లలు దినమును చూచుచుండు నీరే. అయినను ఆ నీటికి మూలమెచటనో చూచుటకు మనము బయలుదేరినామని ఆ వంతెన మీద ఒక్క నిమిషము చెప్పినచో, దారి పొడుగునను వారి కన్నులు కాలువను వెదకుచునే యుండును.

నాగార్జునసాగర నిర్మాణమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. నడుమ నున్న పండ్రెండేండ్లలో వేలకొలది కూలీలు రాయి మోసి, సున్నపురాయితో చేసిన సిమెంటుతో రాయిని రాయికి అదికి ఆ గోడను లేపిరి. ఇది కాంక్రీటు పోతపోసినది కాదు, రాతికట్టడము. రాతితో కట్టిన ఆనకట్టలలో ఇంత గొప్పది ప్రపంచమున అరుదు. పునాది నుండి దాని యెత్తు ఇంచుమించు 124 మీటర్లు. రాతిగోడ పొడవు 1450 మీటర్లు. ఆ కూలీలలో మీ తాతల తరమువారు ఉండియుందురు. యాత్రకు ముందు ఇంటి పెద్దలను ఈ విషయమడిగి, తెలిసినది వ్రాసికొని రావలెనని ఉపాధ్యాయుడు చెప్పవలెను. పుస్తకములలో దొరకని సంగతులు అరుగుల మీద దొరకును.

తరువాత నిశ్చయింపవలసినది తేదీ. దీనిని తొందరపడి నిర్ణయింపరాదు. నాట్ల దినములలో ఇంటింట పని యుండును. తలిదండ్రులు పిల్లలను పంపరు, పంపినను మనసొప్పి పంపరు. వానకాలమున గేట్లు ఎత్తిన వార్త రాగానే సాగరమునకు జనము తండోపతండములుగా వచ్చుదురు. అంత సందడిలో 48 మంది పిల్లలను లెక్కపెట్టుకొనుచు నడచుట కష్టము. ఎండాకాలమున ఆ బండరాళ్ల నడుమ మిట్టమధ్యాహ్నము నడువజాలము. కనుక వరి కోతలైన పిమ్మట, సంక్రాంతికి ముందు వచ్చు చలిదినములు మేలు. వారము కూడ చూడవలెను. నాగార్జునకొండ మ్యూజియము శుక్రవారము తెరువరు. ఈ చిన్న సంగతి తెలియక ఎంత దూరమో వచ్చి మూసిన తలుపులను చూచి మరలినవారు కలరు. కొండకు పోవు లాంచీ ఆ దినమున నడచునో లేదో, ఆనకట్టపైకి పోనిత్తురో లేదో, బుద్ధవనము ఏ వేళకు తెరతురో ముందుగా విచారింపవలెను. అందులకు ఒక ఉపాధ్యాయుడు ముందుగా ఒకసారి పోయి వచ్చుట ఉత్తమము. ఆయన చూడవలసినవి శిల్పములు కావు. త్రాగు నీరెచట దొరకును, మరుగుదొడ్లు ఎచట కలవు, బస్సు ఎచట నిలుపవలెను, నీడ గల చోటెది, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరము? ఇవి.

ఇపుడు డబ్బు సంగతి. ఇచట కొంత లెక్క కావలెను. ఖర్చులు రెండు తెగలు. బస్సు బాడుగ ఎందరు పోయినను మారదు. ప్రవేశ రుసుము, భోజనము తలకింత చొప్పున పెరుగును. బస్సుకు 14,400 రూపాయలైనదనుకొందము. 48 మందియు వచ్చినచో తలకు 300 రూపాయలు. ఎనిమిదిమంది రాలేమనినచో మిగిలిన నలుబదిమందికి 360 పడును. ఆ 60 రూపాయల హెచ్చు చూచి మరి నలుగురు మానుకొందురు. అపుడు తలకు 400 అగును. ఈ విధముగా ఒకరు వెనుకడుగు వేసినకొలది మిగిలినవారి భారము పెరిగి, చివరకు యాత్రయే ఆగిపోవచ్చును. కనుక అందరును పోవుట ధర్మమే గాక లెక్కకు కూడ లాభము.

కాని ఆ ఎనిమిదిమంది ఎందుకు రామనిరి? వారిలో ఒకనికి బస్సు పడదు. వానికి నిమ్మకాయ యిచ్చి ముందు వరుసలో కూర్చుండబెట్టవచ్చును. మరియొకనికి ఆసక్తి లేదట. తక్కినవారు చెప్పిన కారణములు వినినచో అవి కారణములు కావని తెలియును. ఆ దినము మేనమామ వచ్చునని యొకడు, కాలు నొప్పియని యొకతె, సాగరము చూచితినని యొకడు. మూడు వందల రూపాయలు లేవని మాత్రము ఎవరును చెప్పరు. పదుమూడేండ్ల ప్రాయమున పదుగురిలో ఆ మాట చెప్పుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

ఇందులకు ఒక మార్గము కలదు. పేరు పేరునను డబ్బు వసూలు చేసి, తరగతిలో నిలువబెట్టి పట్టిక చదువుట మానవలెను. ఒక మూతగల డబ్బాను ఉపాధ్యాయుని గదిలో ఉంచి, ప్రతివారును మడచిన కాగితపు సంచిని అందులో వేయుదురుగాక. సంచిపై పేరుండదు, ఎవరు ఎంత వేసిరో ఎవరికిని తెలియదు. కలవారు కొంచెము హెచ్చుగా వేయుదురు. లేనివారు ఖాళీ సంచినే వేయుదురు. తక్కువపడిన మొత్తమును పూర్వ విద్యార్థులనో, గ్రామమందలి వరి వ్యాపారులనో, పాఠశాల నిర్వహణ సంఘమువారినో అడిగి పూరింపవచ్చును. ఈ పద్ధతిలో మోసము జరుగదా యని యడుగుదురేమో. కొంచెము జరుగవచ్చును. కాని ఉన్నవాడు పది రూపాయలు ఎగవేయుట కంటె లేనివాడు ఇంటియొద్ద నిలిచిపోవుట పెద్ద నష్టమని నా అభిప్రాయము. యాత్ర ముగిసిన తరువాత మాత్రము జమాఖర్చుల పట్టికను గోడకు అంటింపవలెను, రసీదులతో సహా.

డబ్బు కుదిరినను అనుమతి కుదరకపోవచ్చును. ముఖ్యముగా బాలికల విషయమున. బుద్ధవనమును మొదట సూచించిన ఆ బాలికనే వారి నాయనమ్మ పంపననెననుకొందము. తరగతి ఉపాధ్యాయురాలు సాయంత్రము వారి యింటికి పోయి అరుగు మీద కూర్చుండెను.

"పంపను బిడ్డా. ఆడపిల్ల, పైగా నీళ్లున్న చోటు. పొద్దుగూకినాక వస్తరంటివి. దారిల బస్సు ఆగిపోతే?" అని ముసలమ్మ అడిగెను.

"అమ్మా, మీరు అడిగిన మూడును మేము వ్రాసికొన్నాము. ఇదిగో కాగితము. మేము ఇద్దరము టీచర్లము వెంట ఉంటాము. నీళ్లలోకి ఎవరును దిగరు. బస్సు పెద్దవూరలో బయలుదేరగానే మీ యింటికి ఫోను చేస్తాము. రెండవ బస్సువాని నంబరు కూడ ముందే తీసికొన్నాము."

ముసలమ్మ కాగితమును మనుమరాలి చేతికిచ్చి చదివించుకొనెను. చదివిన పిమ్మట, "సాగర్ కట్టంగ మా అయ్య పోయిండు రాయి మొయ్యనీకి. నేను ఎన్నడు చూడలే" యనెను. ఆ వాక్యముతో అనుమతి దొరకినది. అంతే కాక బస్సులో ఒక చోటు పెద్దలకు కేటాయింపవలెనను ఆలోచన కూడ ఉపాధ్యాయురాలికి కలిగెను. ఇది కల్పితమే, కాని ఇటువంటి ఇండ్లు ఆ ప్రాంతమున లేకపోవు.

నీటిని గూర్చి ముసలమ్మ భయము ఊరక పుట్టినది కాదు. 2014వ సంవత్సరము జూన్ 8వ తేదీన హైదరాబాదు నుండి విహారయాత్రకై హిమాచల ప్రదేశమునకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నది ఒడ్డున ఆగిరి. నదిలో నీరు తక్కువగా నుండెను. బండలు బయటపడి యుండెను. వారు ఆ బండలపైకి పోయి చిత్రములు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జి జలవిద్యుత్కేంద్రపు ఆనకట్ట నుండి నీరు విడిచిరి. కొద్ది నిమిషములలో నది పొంగినది. 24 మంది విద్యార్థులును, వారి వెంట వచ్చిన యాత్రా సహాయకుడును కొట్టుకొనిపోయిరి. వారు అల్లరి చేయలేదు, ఈతకు దిగలేదు. ప్రశాంతముగా కనబడిన ఏటిలో కొన్ని అడుగులు లోనికి నడచిరి, అంతే. ఆనకట్టకు దిగువనున్న నది ఎంత నిదానముగా కనబడినను దాని వేగము పైనున్నవారి చేతిలో ఉండునని ఆ దినమున తెలుగు దేశమంతయు తెలిసికొనెను. సాగరము క్రింద కృష్ణయు అట్టిదే. గేట్లు మూసియున్నపుడు బండలు ఆరి, మడుగులు అద్దములవలె మెరయుచుండును. విద్యుత్కేంద్రము నుండి నీరు ఏ క్షణమున వచ్చునో మనకు తెలియదు.

2019వ సంవత్సరము సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు యొద్ద యాత్రికుల పడవ మునిగి పదుల సంఖ్యలో జనులు మరణించిరి. వరదనీటిలో పడవ ప్రయాణము ఎంత ప్రమాదకరమో అది చూపినది.

ఈ రెండు సంఘటనలను యాత్రకు ముందు తరగతిలో చదివి వినిపింపవలెను. భయపెట్టుటకు కాదు. "నీటి దగ్గరకు పోకుడు" అని పదిసార్లు చెప్పిన దాని కంటె, ఎందుకు పోరాదో ఒకసారి తెలిసినచో పిల్లలు తామే ఒకరినొకరు పట్టి నిలుపుదురు. ఇక ఏర్పాట్లు ఇవి: ఆనకట్ట దిగువన నదిలోనికి ఒక్కరును దిగరాదు, అట్టి చోట బస్సు ఆపనే రాదు. లాంచీ ఎక్కినచో రక్షణ కవచము ధరించిన పిదపనే అది కదలవలెను. కవచములు చాలనిచో లాంచీ ఎక్కుట మానవలెను. పిల్లలను ఇద్దరిద్దరిగా జతపరుపవలెను. నా జతగాడు కనబడుట లేదని చెప్పుట చాడీ కాదు, అది వాని విధి. పదునిద్దరికొక గుంపు, గుంపునకొక పెద్ద. ప్రతి గుంపునకు 1 నుండి 12 వరకు సంఖ్యలు. బస్సు ఎక్కినపుడు పెద్ద లెక్కపెట్టుట కాదు, పిల్లలే వరుసగా సంఖ్యలు పలుకవలెను. తలలు లెక్కపెట్టినచో ఒక తలను రెండుసార్లు లెక్కించుట కలదు. పలుకని సంఖ్యను దాచుట ఎవరికిని శక్యము కాదు.

ఇంత జాగ్రత్త చెప్పిన పిమ్మట, ఇక చూచుటను గూర్చి చెప్పుకొందము. ఒక్క దినమున అన్నియు చూడవలెనను ఆశయే యాత్రలను చెరచును. బుద్ధవనము, నాగార్జునకొండ, అనుపు, ఎత్తిపోతల, ఆనకట్ట - ఈ అయిదింటిని ఒక్క పగటిలో చుట్టబెట్టినవారు ఇంటికి వచ్చి చెప్పగలిగినది బస్సు కిటికీని గూర్చి మాత్రమే. రెండు చాలును. ఉదయము బుద్ధవనము, మధ్యాహ్నము, లాంచీ కుదిరినచో నాగార్జునకొండ. కుదరనిచో ఆనకట్టను దూరము నుండి చూచి, నిదానముగా మరలవలెను.

బుద్ధవనమున గుంపులకు పనులు పంచవలెను. ఒక గుంపు మహాస్తూపమును కొలుచును. వ్యాసము 42 మీటర్లని మనకు తెలియును గదా. అట్లైనచో చుట్టుకొలత 22 బై 7 చొప్పున 132 మీటర్లు కావలెను. పిల్లలు తమ అడుగు పొడవును ముందే పాఠశాల ఆవరణలో కొలుచుకొని వచ్చి, స్తూపము చుట్టు నడచి, అడుగులు లెక్కించి గుణింతురు. లెక్క 132కు మించి వచ్చును. ఎందులకు? గోడనంటి నడువలేదు కాన, వారి వలయము పెద్దది. ఎంత దూరముగా నడచితిమో ఆ హెచ్చును బట్టి కనుగొనుట మరియొక లెక్క. గణితపు పంతులుగారు వెంట వచ్చినచో ఆయనకిది పండుగ.

రెండవ గుంపు జాతక శిల్పములలో ఒక్కదానిని ఎన్నుకొని, వివరణ ఫలకమును చదువక ముందే శిల్పమును చూచి కథను ఊహించి వ్రాయును. తరువాత ఫలకముతో సరిచూచును. తప్పిపోయిన కథలే ఎక్కువ సరదాగా నుండునని నేననుకొందును. మూడవ గుంపు స్తూపవనములో ఏ దేశపు స్తూపము ఏ ఆకారమున నున్నదో బొమ్మలు గీయును. నాలుగవ గుంపు అచటి పనివారితో, తోటమాలులతో, సందర్శకులతో మాటలాడి, వారెచటి నుండి వచ్చిరో తెలిసికొనును. ఈ నాలుగవ పనికి సిగ్గరులను ఎన్నుకొనుట మంచిది.

నాగార్జునకొండకు పోవువారు ముందుగా ఒక ఉపాధ్యాయుని కథ వినవలెను. 1926వ సంవత్సరమున సూరపరాజు వెంకటరామయ్య యను బడిపంతులు కృష్ణ ఒడ్డున, కొండల నడుమ దాగిన లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి, చెన్నపట్టణమునందలి ప్రభుత్వమునకు తెలియజేసెను. ఆ లోయలో పశువులను మేపినవారు, కట్టెలు కొట్టినవారు ఆ రాళ్లను ఎన్నడును చూడలేదా? చూచియే యుందురు. ఇది రాయి కాదు, చరిత్ర యని అనుమానించినవాడు ఆ పంతులు. అటుపిమ్మట పురావస్తు శాఖవారు వచ్చిరి. లాంగ్‌హర్స్టు 1927 నుండి 1931 వరకు త్రవ్వించెను. భూమి క్రింద నుండి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడినది. క్రీస్తు శకము మూడవ, నాలుగవ శతాబ్దులలో ఇచట ముప్పదికి పైగా బౌద్ధ విహారములు వెలసియుండెను. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు దానము చేసినట్లు శాసనములు చెప్పుచున్నవి. సింహళ భిక్షువులకు ప్రత్యేకముగా విహారముండెడిదట. నేడు బుద్ధవనమున శ్రీలంక విగ్రహము నిలుచుట కొత్త సంగతి కాదు. పదునారు, పదునేడు వందల యేండ్ల నాటి చుట్టరికపు కొనసాగింపు.

ఇంతలో సాగర నిర్మాణము వచ్చినది. ఆనకట్ట లేచినచో లోయ మునుగును. మునిగినచో విజయపురి మరల కనబడదు. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున పురావస్తు శాఖవారు నీటితో పందెము వేసి త్రవ్విరి. ఒకవైపు గోడ పెరుగుచుండ, మరియొకవైపు గోతులు లోతగుచుండెను. తొమ్మిది కట్టడములను రాయి రాయిగా విప్పి కొండపైకి చేర్చి మరల కట్టిరి. వేరు కొన్నింటిని కుడిగట్టున అనుపు యొద్ద కట్టిరి. అచటి ప్రేక్షకశాల అట్లు తరలినదే. కొండపైని మ్యూజియమును 1966లో తెరచిరి. తక్కినది నీటి క్రింద నున్నది. ఆ లోయలో పల్లెలును ఉండెను. వానిలోని జనులు ఇండ్లను, పొలములను విడిచి పోయిరి. నేడు లాంచీలో కొండకు పోవువారు ఆ వీధులపై నుండి, ఆ పొలములపై నుండి పోవుచున్నారు.

ఇచట తరగతిలో వాదము పెట్టవచ్చును: ఆనకట్ట కట్టుట సరియా, కాదా? నాట్లు వేయు ఇంటి పిల్లలు వెంటనే సరియనుదురు. సాగరపు నీరు లేని మిర్యాలగూడను, అచటి వరిమిల్లులను ఊహించుట కష్టము. కాని మునిగిన పల్లెవాని మనుమడు ఆ తరగతిలో ఉన్నచో ఏమనును? దీనికి జవాబును ఉపాధ్యాయుడు ముందుగా చెప్పరాదు. నీటి మీద నుండి కొండను చూచిన పిమ్మట, తిరుగు దారిలో వాదించుకొననిచ్చుట మేలు. మరియొక సంగతి కూడ అపుడు చెప్పవచ్చును. జలాశయమునకు మొదట 408 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునని లెక్కించిరి. పూడిక పేరుకొనుటచేత ఇపుడు పట్టునది 312. విజయపురిని నీరు కప్పినది. నీటి చోటును మన్ను ఆక్రమించుచున్నది.

భోజనము సంగతి కొంచెము. పులిహోర, పెరుగన్నము ఇంటి నుండి కట్టించుకొని పోవుట చౌక, క్షేమము. పెరుగన్నము మధ్యాహ్నమునకు పులియకుండ పాలు కలిపి తోడు వేసికొనుట మన అమ్మలకు చెప్పవలసిన పని లేదు. విస్తరాకులు తెచ్చుకొన్నచో ప్లాస్టికు పళ్లెములు పారవేయు పాపము తప్పును. మంచినీరు తలకు రెండు సీసాలు. ప్రథమ చికిత్స పెట్టె, మాత్రలు వాడు పిల్లల పేర్లు, ఇండ్ల ఫోను నంబర్లు ఒక ఉపాధ్యాయుని యొద్ద నుండవలెను. అదే పట్టిక పాఠశాలలో నిలిచినవారి యొద్ద మరియొకటి.

బయలుదేరు వేళ ఉదయము ఆరు గంటలు. ఆరు గంటలనగా ఆరున్నర యని మన గ్రామములలో అర్థము. కావున అయిదున్నర యని చెప్పుట తెలిసినవారి పద్ధతి. మధ్యాహ్నము మూడున్నర తరువాత ఎచటను కొత్తగా ఏదియు చూడ మొదలుపెట్టరాదు. నాలుగు గంటలకు సంఖ్యలు పలికించి బస్సు కదలవలెను. హాలియా దాటునప్పటికి సగముమంది నిద్రపోవుదురు. వెనుక బల్లవారు మాత్రము ఆనకట్టను గూర్చి ఇంకను వాదించుచుందురు.

మరునాడు తరగతిలో మొదటి గంట యాత్రకే ఇవ్వవలెను. కొలతల కాగితములు, బొమ్మలు, తప్పుగా ఊహించిన జాతక కథలు, జమాఖర్చుల పట్టిక గోడకెక్కవలెను. పెద్దల చోటున కూర్చుండి వచ్చిన నాయనమ్మ ఆ దినము పాఠశాలకు వచ్చి, తన తండ్రి రాయి మోసిన దినములను గూర్చి చెప్పుటకు ఒప్పుకొన్నచో, చరిత్ర పాఠమును ఒక దినము వాయిదా వేయవచ్చును.

వేములపల్లి వంతెన యొద్ద బస్సును మరల ఒక్క నిమిషము ఆపుట మరువరాదు. అప్పటికి ప్రొద్దు క్రుంకుచుండును. ఉదయము ఈ కాలువను చూడక నిద్రమత్తులో దాటినవారు ఇపుడు కిటికీలు తెరచి వంగి చూతురు. గట్టున గేదెలు ఇండ్లకు మరలుచుండును.